కొమ్మ కోయుట హింసయా?



ఇష్టలింగార్చనకు కూర్చుండుటకు ముందు పెరటిలోనికి పోయి నాలుగు పత్రులును పది పూలును కోసికొని వచ్చుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న అలవాటు. అట్లు కోయునప్పుడు మన పెద్దలు కొన్ని కట్టుబాట్లు పాటించెడివారు. ప్రొద్దు క్రుంకిన పిదప చెట్టును ముట్టరాదనిరి. విచ్చని మొగ్గను త్రుంపరాదనిరి. కొమ్మను వంచి విరువరాదనిరి. ఒక చెట్టు పూలన్నియు ఒక్కనాడే కోసి దానిని బోసిచేయరాదనిరి. పువ్వును కోయుటకే ఇన్ని నియమములు కావలసివచ్చినచో కొమ్మను కోయుట మాటేమి? కత్తియు రంపమును చేతబట్టి పెరుగుచున్న ప్రాణిని గాయపరచువాడు దయాధర్మమును గూర్చి మాటలాడుటకు తగునా? ఈ ప్రశ్నను నేను గ్రంథములనుండి తెచ్చుకొనలేదు. నా ఇంటి వాకిట నేను చేసిన ఒక తప్పు నాకు దీనిని నేర్పినది.

లోకమునందు దీనికి రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. మొదటిది: చెట్టునందును ప్రాణమున్నది గనుక దానిని కత్తితో ముట్టుటయే పాపము, దాని మానాన దానిని వదలవలెను అనునది. ఇట్లు నమ్మిన ఒక బంధువు ఇంటి పెరటిని నేనెరుగుదును. అక్కడ మందారము గోడయెత్తు పెరిగి లోపల గాలి చొరక, పిండిపురుగు పట్టి, పువ్వు పూయుట మానినది. మల్లెతీగ ఎండిన పుల్లల గూడుగా మారినది. రెండవది: చెట్టు మన సొత్తు, మన స్థలము, మన యిష్టము అనునది. ఇట్లు నమ్మినవారు ఈ కాలమున ఎక్కువమంది. నేనును ఒకానొక దినమున వారిలో ఒకడనైతిని.

శంషాబాదులోని మా పాత యింటి వాకిట ఒక మారేడుచెట్టు కలదు. మా తండ్రిగారు 1986లో దానిని నాటిరి. పైన ఎర్రచల్క, అడుగున రాయి; వానపడిన నీరు నిలువదు. అట్టి నేలలో మారేడు మెల్లగా పెరుగును గాని గట్టిగా నిలుచును. మా తల్లిగారు ప్రతి ఉదయమును దాని క్రింద నిలిచి, చేతికందిన కొమ్మనుండి మూడు దళములు కోసికొని పోయి లింగమునకు సమర్పించెడివారు. 2008 మార్చి నెలలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ఇచ్చట ప్రారంభమైన తరువాత మా ఊరు రూపు మార్చుకొనినది. చేలు ప్లాట్లయినవి, ప్లాట్లు మేడలయినవి. మా ప్రక్కనున్న ఖాళీ స్థలమునందును ఒక ఇల్లు లేచినది. మారేడు కొమ్మలు గోడ దాటి వారి మెట్లమీదికి వంగినవి. ముండ్లు పిల్లలకు గుచ్చుకొనుచున్నవని వారు మర్యాదగానే చెప్పిరి. వారి మాటలో తప్పు లేదు. తప్పు నా తొందరలో నున్నది.

అది 2019 వేసవి. బడికి సెలవులు. కూలికి వచ్చిన ఒకనిని పిలిచి, గోడకు మించి ఏమియు ఉండరాదని చెప్పి, నేను వసారాలో కూర్చుండి పత్రిక చదువుకొనుచుంటిని. గంట గడచునప్పటికి మూడు పదుల యేండ్ల చెట్టు మొండెముగా మిగిలినది. నేలబడిన కొమ్మలను ప్రోగుచేయుచుండగా ఆకులమీద పిట్టరెట్టవలె కనబడు చిన్న పురుగులు కొన్ని అగపడినవి. మారేడు, నిమ్మ జాతుల ఆకులు తిని పెరిగి సీతాకోకచిలుకలగు పురుగులవి. ఆ సంగతి నేను తరగతిలో పిల్లలకు ఎన్నియోసార్లు చెప్పియున్నాను. ఆనాడు నాకది జ్ఞాపకము రాలేదు.

మా తల్లిగారు బయటికి వచ్చి చూచి, “బిడ్డా, గిదేం జేసినవురా?” అని మాత్రము అనిరి. మరునాడు విభూతియు నీరును మాత్రము ఉంచుకొని పూజ చేసికొనిరి. నేను బజారునుండి పత్రి కొని తెచ్చితిని. “కొన్న పత్రి నాకెందుకు, బిడ్డా” అని దానిని ప్రక్కన పెట్టిరి. అటు తరువాత ఆమె నన్నొక మాటయు అనలేదు, పత్రియు అడుగలేదు. ఆ మౌనము నాకు ఏ నిందకంటెను భారమైనది.

నేను తీర్చదలచిన చిక్కైనను తీరలేదు. నీడ పోయినందున ఆ వేసవి యెండకు మానునకు పడమటి ప్రక్కనున్న బెరడు కమిలి పగిలినది. వానలు పడగానే నరికిన చోటి క్రిందనుండి చీపురుకట్టవలె సన్నని కొమ్మలు ముప్పదికి పైగా పుట్టినవి. లేత కొమ్మల ముండ్లు ముదురు కొమ్మల ముండ్లకంటె పదునైనవి. వేళ్లనుండి పిలకలు లేచి వాకిలంతయు వ్యాపించినవి. రెండవ యేటికి ఆ కొమ్మలే మరల గోడ దాటినవి.

అప్పుడు పాల్మాకుల వైపునుండి ఒక వృద్ధుడైన తోటమాలి వచ్చెను. జీవితమంతయు నారుమళ్లలోను, తోటలలోను గడపినవాడు. ఆయన చెట్టు చుట్టు రెండుసార్లు తిరిగి, పగిలిన బెరడును చేతితో తడవి, నాతో ఇట్లనెను: “సారూ, కొమ్మ తీసుడు తప్పు గాదు. తల తీసుడు తప్పు. తీసినంక మల్ల దాని మొకం జూడకపోవుడు ఇంకా పెద్ద తప్పు.”

పండితపరీక్షలకై చదివిన ధర్మశాస్త్రవాక్యములు నాకెన్నియో వచ్చును. కాని నా ప్రశ్నకు సరియైన రూపు ఈ మాటవలన వచ్చినది. కోయవచ్చునా, కోయరాదా అనునది అసలు ప్రశ్న కాదు. ఎవరి కొరకు కోయుచున్నాము, ఎంత కోయుచున్నాము, కోసిన పిదప మన బాధ్యత యేమి అనునవి అసలు ప్రశ్నలు.

మొదట చెట్టుకు జరుగునదేమో తెలిసికొందము. ఆచార్య జగదీశచంద్ర బోసు బాహ్యప్రేరణలకు మొక్కలు స్పందించునని 20వ శతాబ్ది తొలినాళ్లలో ప్రయోగపూర్వకముగా చూపినారు. అంతమాత్రమున చెట్టు మనవలె నొప్పిపడునని చెప్పరాదు; దానికి నాడులు లేవు, మెదడు లేదు. అయితే మనకు గాయమైనప్పుడు చెడిన కండ పోయి క్రొత్త కండ వచ్చును. చెట్టునకు ఆ శక్తి లేదు. అమెరికా దేశపు అటవీశాఖలో పనిచేసిన ఎలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది మానులను చీల్చి పరిశీలించి ఈ సంగతిని స్థాపించెను. చెట్టు తన గాయమును మాన్పుకొనదు. దానిచుట్టు లోపల గోడకట్టుకొని, పైన క్రొత్త బెరడుతో మూసికొని, దానిని మోయుచునే పెరుగును. ఇరువది యేండ్ల క్రిందట మనము చేసిన కోత, పైకి కనబడకపోయినను, మాను లోపల అట్లే యుండును. కావున చెట్టుకు నొప్పి యున్నదా లేదా అను వాదము తేలువరకు మనము ఆగనక్కరలేదు. కోత తిరిగిరానిది అను ఒక్క సంగతి చాలును, కత్తి పట్టువాడు ఆలోచించి పట్టుటకు.

ఇక మన శరణుల నడవడిని చూతము. కాయకమును కైలాసముగా నెంచిన శరణులలో కత్తిపట్టినవారు లేకపోలేదు. మోళిగ మారయ్య కాశ్మీర రాజ్యమును విడిచి కల్యాణమునకు వచ్చి, అడవినుండి కట్టెలమోపు తెచ్చి అమ్మి, ఆ వచ్చినదానితో జంగమదాసోహము చేసెనని శరణచరిత్రలు చెప్పుచున్నవి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునందు ఆయనను కీర్తించియున్నాడు. మేదర కేతయ్య వెదురును కోసి తెచ్చి బుట్టలల్లెను. అనుభవమంటపమున వీరికి గౌరవస్థానము లభించినది. కోతయే హింస యైనచో కట్టెలవానిని, మేదరవానిని శరణులని మ్రొక్కుట యెట్లు పొసగును?

అయితే వీరి చేతికత్తి వెనుక ఒక కొలత యున్నది. ఆ కొలతను మనకు స్పష్టముగా చూపినది ఆయ్దక్కి లక్కమ్మ. భర్తయగు మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. నేటి దాసోహమునకు కావలసినదానికి మించినది మనది కాదని చెప్పి ఆ సాధ్వి దానిని తిరిగి పోసి రమ్మని పంపినది. ఏరినది రాలిన బియ్యమే, ఎవరినుండియు లాగికొనినది కాదు. అయినను కొలత మించినది గనుక ఆమెకది దోషముగా తోచినది. ఈ దృష్టితో చూచినచో ఆ వేసవి దినమున నేను చేసినది కొమ్మ కోయుట కాదు. కోయవలసినది గోడదాటిన రెండు కొమ్మలు, కోసినది చెట్టునంతటిని. ఆ రెంటికిని నడుమనున్న తేడాయే హింస.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. ఒక మిత్రుడు నన్నే అడిగెను: “అడవిలోని మారేడును ఎవరు కత్తిరించుచున్నారు? అది బాగుగానే యున్నది గదా!” ప్రశ్న సరియైనదే. అడవియందు చెట్టు తనకు చాలినంత చోటున పుట్టి, నీడకు లోబడిన కొమ్మలను తానే ఎండబెట్టి రాల్చుకొనును. మనము దానిని తెచ్చి నాలుగు మూరల వాకిట, గోడకును మెట్లకును నడుమ నిలిపితిమి. పైన కరెంటు తీగలు, క్రింద మురుగు గొట్టములు. కత్తిరింపు చెట్టుకు కావలసివచ్చినది కాదు. మనము చూపిన చోటువలన కావలసివచ్చినది. కావున కత్తి పట్టుట మన హక్కు కాదు; నాటిననాడు మనము నెత్తిన వేసికొనిన ఋణము. ఎదిగిన తరువాత ఎంత యగునో తెలిసికొని నాటువానికి ఆ ఋణము తక్కువ. ఇరుకు వాకిట మఱ్ఱిని నాటి పదేండ్ల పిదప నరకువాని హింస కత్తి యెత్తినప్పుడు కాదు, మొక్క నాటినప్పుడే మొదలైనది.

ఇక మొదటి ప్రశ్న: ఎవరి కొరకు? ఎండినదానిని, తెగులు తగిలినదానిని, ఒకదానితో నొకటి ఒరసికొని బెరడు పోగొట్టుకొనుచున్న కొమ్మలను తీయుట చెట్టు కొరకు. పూయుటకై గిల్లుట చెట్టుకును మనకును ఉభయులకు. గోడ కొరకు, తీగల కొరకు తీయుట కేవలము మన కొరకు. మూడవది కూడదని నేననను. పొరుగువారి పిల్లల కాళ్లలో ముండ్లు గుచ్చుకొనుచుండగా చూచుచు ఊరకుండుట దయ కాదు. కాని మన కొరకు కోసి, చెట్టు మేలు కొరకు కోసితిమని చెప్పుకొనరాదు. ఎవరి కొరకో ముందుగా ఒప్పుకొనినవాని చేయి తనంతట తానే తక్కువ కోయును.

రెండవ ప్రశ్న: ఎంత, ఎప్పుడు, ఎట్లు? దయ హృదయముననే యుండినచో చాలదు, అది చేతికి పనిగా రావలెను. క్రొత్తగా తోటపని మొదలుపెట్టు మన యువకులకు, గృహిణులకు ఉపయోగపడునని, ఆ వృద్ధుని యొద్ద నేను నేర్చినదానిని కొంత వ్రాయుచున్నాను.

కత్తెరయు రంపమును పదునుగాను శుభ్రముగాను ఉండవలెను. మొద్దు కత్తి కోయదు, నలుపును. తెగులున్న చెట్టును కోసిన కత్తితో శుభ్రపరుపక వేరొక చెట్టును ముట్టరాదు. ఏ చెట్టునుండియైనను ఒక్క యేడు పచ్చదనములో మూడవ వంతుకు మించి తీయరాదు. ముదిరిన చెట్టునకు అంతకంటెను తక్కువ. ఆకులే చెట్టునకు వంటశాల. వంటశాలను పడగొట్టి ఇంటివారిని బలముగా నుండుమనుట తగునా?

కొమ్మ మానును కలియు చోట ఉంగరమువంటి ఉబ్బు ఒకటి కనబడును. కోత ఆ ఉబ్బునకు వెలుపల, దానికి తగులకుండ పడవలెను. చెట్టు తన గాయమును మూసికొను శక్తి ఆ ఉంగరమునందే యున్నది. దానిని కలిపి మానుతో సమముగా కోసినచో గాయము పెద్దదై మూతపడదు. జానెడు మొండి వదలి కోసినచో ఆ మొండి ఎండి కుళ్లి, కుళ్లు లోనికి దిగును. చేతిలావు కొమ్మను ఒక్క కోతతో తీయరాదు. మానుకు మూరెడు దూరమున ముందుగా క్రిందినుండి కొంత కోసి, పిమ్మట కొంచెము వెలుపలగా పైనుండి కోసినచో, కొమ్మ బరువునకు బెరడు చీలిరాక తెగిపడును. మిగిలిన మొండిని ఉంగరము నొద్ద మూడవ కోతతో తీయవలెను. కోతమీద తారో రంగో పూయుట పలువురి అలవాటు. దానివలన కుళ్లు ఆగదని తెలిసినది. గాలికి వదలుటయే మేలు.

కాలము సంగతి. మా ప్రాంతమున పెద్ద కొమ్మలను తీయుటకు మాఘమాసము మంచిది. చలి తగ్గుచుండును, క్రొత్త చిగురు ఇంకను రాలేదు. చైత్ర వైశాఖముల యెండలలో కోసినచో ఏమగునో నా మారేడు చెప్పుచున్నది. ఏ మాసమున నైనను ముందుగా గూళ్లను వెదకవలెను. పిట్ట గ్రుడ్లుపెట్టిన కొమ్మను పిల్లలు ఎగిరిపోవువరకు ముట్టరాదు.

మన పూజాతోటలలోని మొక్కలలో ఒక్కొక్కదాని స్వభావము ఒక్కొక్కటి. తులసికి వెన్నులు వచ్చినకొలది గిల్లుచుండినచో మొక్క గుబురై చిరకాలము నిలుచును. గింజ ముదిరినచో ముసలిదగును. మందారము, గన్నేరు క్రొత్తగా వచ్చిన కొమ్మల చివరలనే పూయును గనుక చలికాలపు చివర కొంత కత్తిరించినచో మరింత పూయును. గన్నేరు నిలువెల్ల విషము. కోసినవారు చేతులు కడుగుకొనవలెను. కోసిన కొమ్మలను పశువుల ముందు వేయరాదు, పొయ్యిలో పెట్టరాదు. నందివర్ధనమునకు ఎండుపుల్లలు తీసి ఆకారము చక్కదిద్దిన చాలును. మల్లెకు మార్గశిరమున నీరు తగ్గించి, మోకాలియెత్తున కత్తిరించి, కొన్నాళ్ల తరువాత పేడయెరువు వేసి నీరు పెట్టినచో వేసవి తొలిదినములకు మొగ్గ తొడుగును. పారిజాతము భాద్రపదమునుండి కార్తికమువరకు ఆ యేటి కొమ్మల చివరలను పూయును. ఆషాఢ శ్రావణములలో దానిని కత్తిరించినచో ఆ యేటి పూలను కోల్పోయినట్లే. పూత ముగిసిన తరువాతనే చేయవలెను. తన పూలను తానే నేలమీద రాల్చి, కోయుపనియే మనకు పెట్టని చెట్టునకు ఆ మాత్రము ఓర్పు చూపలేమా?

తంగేడు 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పమైనది. మా ఊరి చుట్టు రాళ్లనడుమ ఎవరును నీరుపోయకయే పూయుచుండెడిది. ఇప్పుడు బతుకమ్మకు బజారులో కొనవలసివచ్చుచున్నది. పెరటిలో దానిని పెంచువారు గింజలు రాలిన తరువాత చివరలను తేలికగా కత్తిరించిన చాలును. ఈ నేలకు అలవాటైన మొక్కలకు మన కత్తి పని తక్కువ. మారేడును మొదటి మూడు నాలుగేండ్లు ఒక్క మానుగా పెంచి, నడుమెత్తు పైన నాలుగైదు కొమ్మలను నలుదిక్కులకు వదలవలెను. వేళ్లను త్రవ్వి గాయపరచినచో పిలకలు లేచును గనుక పాదును లోతుగా త్రవ్వరాదు.

మూడవ ప్రశ్న: కోసిన పిదప? నేను పూర్తిగా మరచినది దీనినే. తోటమాలి చెప్పినట్లు ఆ చీపురుకట్టలోనుండి బలమైన మూడు కొమ్మలను ఎన్నుకొని, మిగిలినవానిని ఒక్కసారిగా గాక మూడేండ్లలో కొద్దికొద్దిగా తీసితిమి. ఎండ తగులు వైపున చిన్నకొమ్మలను నీడకై వదలితిమి. మండువేసవిలో నీరు పెట్టితిమి. రాలిన ఆకును పారవేయక పాదులోనే పరచితిమి. ఒక గంటలో చేసినదానికి మూడేండ్ల సేవ పట్టినది. మన పంచాచారములలో భృత్యాచారమొకటి. సర్వులకును తాను సేవకుడనని నడచుకొనుట. ఆ మాటను ఎన్నియోసార్లు ఉపన్యాసములలో చెప్పితిని గాని, కుండతో నీరు మోసి, నేను మొండెము చేసిన చెట్టు మొదట వంగి పోయుచున్నప్పుడే దాని అర్థము నా వీపునకు తెలిసినది.

ఈ ప్రశ్నలు ఇంటి పెరటితో ముగియునవి కావు. విమానముల రాకపోకలకు అడ్డువచ్చు కట్టడములను, వృక్షములను తొలగించుటకై కేంద్రప్రభుత్వము 1994లో ప్రత్యేక నియమములు చేసినది. విమానములు దిగు దారిలో చెట్టెత్తు హద్దు మీరరాదు. వందల ప్రాణములకు సంబంధించిన విషయమిది. అక్కడ కోయుట ధర్మమే. కాని అది తీరిన పని కాదు, ఒక ఋణపత్రము. ఒకచోట తగ్గించిన నీడను మరియొకచోట పెంచి తీర్చవలెను. మాకు పడమటనున్న చేవెళ్ల దారిలో, హైదరాబాదు – బీజాపూరు రహదారి విస్తరణకు సుమారు 900 మఱ్ఱులు అడ్డుగానున్నవన్నప్పుడు, వానిని ప్రేమించువారు 2021లో జాతీయ హరిత ట్రిబ్యునలు వరకు వెళ్లిరి. రహదారి అక్కరలేదని వారనలేదు. ఎన్నిటిని నిలుపవచ్చునో లెక్కించిన పిదపనే గొడ్డలి యెత్తుడనిరి. లక్కమ్మ అడిగినదియు ఇట్టి లెక్కయే.

మాకు దక్షిణమున, మహబూబునగరు నందలి పిల్లలమఱ్ఱి కథ మరింత ఆలోచింపజేయును. సుమారు 3 ఎకరములు వ్యాపించిన ఆ చెట్టునకు 700 యేండ్ల వయస్సని ప్రతీతి. 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ యొకటి చెదలు తొలిచి విరిగిపడినది. చూడవచ్చినవారు ఊడలమీద ఊగియు, మొదళ్లయందలి మట్టిని త్రొక్కియు ఎన్నియో యేండ్లుగా దానిని నలిపియుండిరి. 2018లో అటవీశాఖవారు ఆస్పత్రిలో రోగికి పెట్టినట్లు సీసాలు వ్రేలాడదీసి, చెదలమందును చుక్కచుక్కగా మానులోనికి ఎక్కించిరి, కుళ్లినదానిని తీసివేసిరి, వంగిన కొమ్మలకు స్తంభములు కట్టిరి, ఊడలు నేలకు దిగుటకు గొట్టములు అమర్చిరి, జనమును దూరముంచిరి. అక్కడను కోత యున్నది. కాని ఆ కోతకు ముందు పరీక్షయు, వెనుక కావలియు నున్నవి. అదియే చికిత్స. కత్తి ఒక్కటే, వైద్యుని చేతికిని నా కూలివాని చేతికిని నడుమ భేదము కత్తిలో లేదు. ఆ కూలివానిననుటయు తప్పు. అతడు నా మాట చేసెను. నేను నీడలో కూర్చుంటిని.

ఉపాధ్యాయుడను గనుక ఇంకొక మాట చెప్పక తప్పదు. మొక్కై వంగనిది మానై వంగునా అను సామెత మనకందరకును వచ్చును. పిల్లలను దండించుటకు దీనిని సమర్థనగా వాడుకొనుచుందుము. నేనును వాడితిని. తలయెత్తు పిల్లవానిని అందరియెదుట ఒక మాటతో నరికితిని. వాడు మౌనముగా కూర్చుండగా క్రమశిక్షణ వచ్చినదని సంతోషించితిని. వాని మనస్సులో ఎన్ని ముండ్లకొమ్మలు లేచినవో నేను చూడలేదు. గురువునకు దిద్దు అధికారమున్నది. కాని దిద్దిన మరునాడు ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండని గురువునకు ఆ అధికారము లేదని ఇప్పుడు తెలిసికొంటిని. పైగా పిల్లవాడు మొక్క కాడు. మొక్కను అడుగలేము, వానిని అడుగవచ్చును. అడుగక కోయుట రెట్టింపు దోషము.

శాస్త్రభాషలో చెట్టు స్థావరము, చరించునది జంగమము. కాని ప్రతి చిగురునందును చెట్టు కదలుచునే యున్నది. వెలుగువైపునకు అంగుళమంగుళముగా ప్రయాణించుచునే యున్నది. మన కత్తి తగులునది ఆ ప్రయాణమునకు. దారి మళ్లింపవచ్చును, ప్రయాణమును ఆపరాదు. చెట్టు తల నరకుటకును కొమ్మ దిద్దుటకును భేదమిదే.

మన మఠములవారికి ఒక విన్నపము. ప్రతి మఠప్రాంగణమునందును చిన్నదైనను ఒక పత్రివనము ఉండవలెను. మారేడు, పారిజాతము, గన్నేరు, నందివర్ధనము, తులసి, తంగేడు, ఒక జమ్మి. వానిని ఎదుగుటకు చాలిన చోట నాటవలెను. దీక్షపొందు బాలబాలికలకు పూజావిధానముతో పాటు ఆ చెట్లకు నీరుపోయుట, ఎండుపుల్ల తీయుట, కత్తెర పట్టుట కూడ నేర్పవలెను. పత్రి కోయు చేయియు పాదు కట్టు చేయియు ఒక్కటియే యైనచో కోత హింస కాజాలదు. అవి వేరైనచో పూజయు కొంత దోషమును మోయును.

గడచిన మహాశివరాత్రి నాటి ఉదయమున మా తల్లిగారు చేతికఱ్ఱతో మెల్లగా వాకిట దిగి మారేడు క్రింద నిలిచిరి. చెట్టు మునుపటివలె లేదు, ఇక ఉండదు. మాను మీద నాటి కోత చుట్టు క్రొత్త బెరడు పెదవివలె ముడుచుకొనుచున్నది గాని నడుమ ఇంకను తెరచియే యున్నది. ఆమె దానిని చేతితో తడవి చూచిరి. అందిన కొమ్మనుండి ఒకే యొక దళమును కోసికొని, నావైపు తిరిగి, “పాదుల నీళ్లు పోసినవా, బిడ్డా?” అని అడిగి లోనికి పోయిరి.

పోసితినని చెప్పగలిగితిని.